రేవతి తల్లి మాట

బందరు,
18-8-2002, ఆదివారం.

చి. ల. సౌ. హరిణికి అక్క ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం బుధవారం చేరింది. నాగపూరులో మీ ముగ్గురి ఆరోగ్యాలూ బాగున్నాయని చదివి స్థిమితపడ్డాను. ఇక్కడ మేమిద్దరమూ తిని తిరుగుతున్నాము. మీ బావగారు ఎప్పటిలాగే ఉదయం ఏడింటి బస్సుకు గుడివాడ కాలేజీకి వెళ్ళి సాయంత్రానికి వస్తున్నారు. శ్రావణం వచ్చినా వాన లేదు. నందివాడ వైపు నారుమళ్ళు పసుపు రంగుకు తిరిగాయనీ, బస్సులో రైతులు ఒకరినొకరు పలకరించుకోవడం కూడా తగ్గించారనీ ఆయన చెబుతున్నారు. పిల్లల మాటలు సరిదిద్దే నా క్లినిక్ మామూలుగానే నడుస్తోంది. అవనిగడ్డ క్యాంపుకు మాత్రం రెండు నెలలుగా వెళ్ళడం లేదు. కారణం ఈ ఉత్తరంలోనే తెలుస్తుంది.

నీకు ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు తిప్పి పెట్టేశాను. ఫోన్‌లో అయితే నీ గొంతు వినగానే సగం చెప్పి సర్దుకుంటానని నాకు తెలుసు. కాగితం మీద అలా తప్పించుకోవడం కష్టం. అందుకని రాస్తున్నాను. రేపు కొరియర్‌లో వేస్తాను.

నీ ప్రశ్నలకు వరసగా జవాబిస్తాను. నాలుగోది మాత్రం చివరికి ఉంచుతాను.

సాకేత్ కాకిని ‘తాతి’ అంటాడనీ, రైలును ‘లైలు’ అంటాడనీ, పళ్ళెంలో ళ పలకడనీ, బడిలో టీచరు ‘భాయీ’ అంటే వీడు ‘బాయీ’ అంటాడనీ రాశావు. ఈ నాలుగింటినీ ఒకే గంపలో వేయకు. ర అనేది పిల్లలకు ఆలస్యంగా పట్టుబడే ధ్వని. నాలుక కొనను పంటి వెనుక గట్టుకు తగిలీ తగలనట్టు ఆడించడం మూడున్నరేళ్ళ నాలుకకు పెద్ద పని. ఐదు నిండేదాకా ఆ సంగతి మరిచిపో. ళ కూడా తొందరపడవలసింది కాదు. ఇక ఒత్తు పలకకపోవడం. మనం ఇంట్లో మాట్లాడే తెలుగులో ఒత్తక్షరాలు ఎన్ని వినిపిస్తాయి? వాడు విన్నదాన్ని బట్టి పలుకుతున్నాడు. అది లోపం కాదు, వాడు ఏ ఇంట్లో పెరిగాడో చెప్పే గుర్తు. ఆ బడిలో రెండేళ్ళు గడిస్తే అదీ వస్తుంది.

క బదులు త వస్తున్నదే, దాన్ని మాత్రం కనిపెట్టి ఉండాలి. తెలుగులోనూ హిందీలోనూ కూడా అలాగే అంటున్నాడా? రెండింటిలోనూ అంటే ఆ విషయం వాడి నోటికి సంబంధించినది. ఒక భాషలోనే అంటే ఆ భాషకు సంబంధించినది. నాలుగేళ్ళు నిండాక కూడా పోకపోతే సాయం చేయాలి. ఆ సాయం కష్టమైనది కాదు, నేను చేస్తాను. అన్నిటికన్నా ముందు వాడి చెవులు పరీక్ష చేయించు. జలుబు చేసినప్పుడల్లా చెవిపోటు అంటాడని మే నెలలో రాశావు. ఆ తరువాత ఒక క్యాసెట్‌లో వాడి మాటలు రికార్డు చేసి పంపు. పది నిమిషాలు నీతో తెలుగులో, పది నిమిషాలు పక్కింటి పిల్లలతో హిందీలో. నువ్వు సరిదిద్దకుండా, వాడిని మాట్లాడనివ్వు.

‘అమ్మా, పానీ ఇవ్వు’ అని రెండు భాషలూ కలిపేస్తున్నాడని రెండో ప్రశ్న. దాహం వేసిన వాడు చేతికి ఏ గ్లాసు దొరికితే దానితో తాగుతాడు. ఏ మాట ఎవరితో వాడాలో వాడే వేరు చేసుకుంటాడు. నీ పెంపకంలో తప్పుందా అని మూడో ప్రశ్న. లేదు. రెండు భాషలు వినడం వల్ల ఏ పిల్లకూ నాలుక పాడు కాదు. కొన్ని ధ్వనులు కొన్ని నెలలు ఆలస్యమైతే కావచ్చు, అంతే.

ఇప్పుడు నీ ఉత్తరం రెండో పేజీ అడుగున, ఏదో మామూలు కబురులా రాసిన వాక్యాల దగ్గరకు వస్తాను. ‘టీచరు చెప్పినట్టే ఒకటో తారీఖు నుంచి ఇంట్లో తెలుగు పూర్తిగా మానేశాం అక్కా. నాకొచ్చిన హిందీ కూరగాయల బండి దగ్గరి హిందీయే, అయినా దానితోనే నెట్టుకొస్తున్నా. మొదట రెండు మూడు రోజులు ఏడ్చాడు. ఇప్పుడు అసలు గొడవ చేయడం లేదు, చాలా నెమ్మదైపోయాడు.’

ఆ చివరి వాక్యం చదివి కాగితం మడిచి పక్కన పెట్టాను. ఆ మాట నేను ఇదివరకు ఒకసారి విన్నాను. అంతే తృప్తిగా చెప్పింది ఆ మనిషి కూడా.

దాని కిందే నీ నాలుగో ప్రశ్న. నిజానికి అది ప్రశ్న కాదు. ‘నువ్వే కదక్కా, ఆ పాలకాయతిప్ప వాళ్ళకు ఒక భాష మాన్పించి పిల్లకు మాట తెప్పించావు. ఆ సంగతి చెప్పే ఈయనను ఒప్పించాను. మంచిదని నీ చేత్తో ఒక్క ముక్క రాస్తే చాలు.’

సాకేత్ కోసం నువ్వు పురిటికి వచ్చి మా ఇంట్లో ఉన్న రోజుల్లో, భోజనాల దగ్గర ఆ సంగతి నేనే చెప్పాను. అది నీకింత గట్టిగా గుర్తుండిపోతుందనుకోలేదు. అప్పుడు చెప్పనిదీ, ఆ తరువాత జరిగినదీ ఇప్పుడు రాస్తున్నాను.

అది తొంభై ఎనిమిది డిసెంబరు. అవనిగడ్డలో ఒక బడి వరండాలో నెలకొకసారి క్యాంపు పెట్టేదాన్ని. ఆ రోజు అరవై మంది పిల్లలు. సముద్రపు ఒడ్డు నుంచి, పాలకాయతిప్ప నుంచి, ఒక కుటుంబం వచ్చింది. ముత్యాలమ్మ అనే పెద్దావిడ, ఆమె కొడుకు అప్పారావు, కోడలు అంజలై, మూడేళ్ళ నాలుగు నెలల మనవరాలు రేవతి. అప్పారావు కొన్నేళ్ళు మద్రాసు రేవులో మరబోట్ల మీద పనిచేసి, కడలూరు దగ్గరి పల్లెకారుల పిల్లను చేసుకుని తీసుకొచ్చాడు. అతను వేటకు పోతే పది పదిహేను రోజులు రాడు. ఇంట్లో ఉండేది అత్తా కోడలూ పిల్లా.

“ఇదిగోనండీ డాక్టరమ్మగారూ, మా మనవరాలు. మాట్టాడుద్ది గానీ ఏం మాట్టాడుద్దో ఆ దేవుడికే తెలవాల. వాళ్ళమ్మ అరవది. దాని మాట దీనికంటుకుంది” అంది ముత్యాలమ్మ, గజ్జి అంటుకుందని చెప్పినట్టుగా.

“ఊరుకోవే అమ్మా. ఆరు సూత్తారు గదా” అన్నాడు అప్పారావు.

“నువ్వు ఊరుకోరా! నెలకి నాలుగు రోజులు కొంపలో ఉండేవోడివి, నీకేం తెలుసు? తల్లీపిల్లా ఏందో సెప్పుకుని ఇకఇకలు పకపకలు. నన్ను తిట్టుకుంటన్నారో పొగుడుకుంటన్నారో! నా ఇంట్లో నేను గోడకేసి సూసుకుంటా కూకోవాల.”

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. అంజలై స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో.

మా పద్ధతి నీకు తెలుసు. యాభై బొమ్మల అట్టలు; ఒక్కొక్కటీ చూపించి ఏమిటని అడుగుతాము, పిల్ల చెప్పినది చెప్పినట్టు రాసుకుంటాము. రేవతి గోడను ‘కోడ’ అంది. బావిని ‘పావి’ అంది. దువ్వెన ‘తువ్వెన’ అయింది. గొడుగు చూపిస్తే కాస్త ఆలోచించి ‘కొడుకు’ అంది. “కొడుకు కాదే, ఆడపిల్లవి నువ్వే పుట్టావు గదే!” అంది ముత్యాలమ్మ. వరండా అంతా గొల్లుమంది. ఆ నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. పిల్ల ఆ తరువాత తొమ్మిది బొమ్మలకు నోరు విప్పలేదు. బుజ్జగించి ఎలాగో పూర్తి చేయించాను.

యాభైకి పంతొమ్మిది తప్పులు. ఆ వయసుకు ఎక్కువే. పిల్ల రెండు భాషల మధ్య తికమక పడుతోందని, కొంతకాలం ఇంట్లో తెలుగే మాట్లాడాలని చెప్పాను. ఆ రోజుల్లో చాలామంది ఇచ్చే సలహాయే అది. కానీ అందరూ ఇచ్చారు కదా అని నేను తప్పుకోవడానికి లేదు.

అందరూ మెట్లు దిగాక అంజలై ఒక్కతే వెనక్కి వచ్చింది. వచ్చీరాని తెలుగులో, “అమ్మా... పాపతో... నా మాట వద్దా?” అని అడిగింది.

“కొన్నాళ్ళు వద్దమ్మా. పాప బాగు కోసమే కదా” అన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది. ఇంకో పిల్లవాడు బల్ల ముందుకు వచ్చాడు.

‘కొన్నాళ్ళు’ అని నేనన్నది ఆరు నెలల లెక్కలో. ముత్యాలమ్మ ఆ మాటను ఇంటికి తీసుకెళ్ళి ముడుపు కట్టింది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళా, పిల్ల తలవెంట్రుకా పెట్టి మూటకట్టి దూలానికి వేలాడదీసింది. పిల్ల తన పేరు తాను రేవతి అని శుభ్రంగా పలికిన నాడు అమ్మవారికి పొంగలి పెట్టి కోడిని కోస్తుంది. ఆనాటి దాకా ఆ గడప లోపల అరవం మాట వినపడకూడదు. అదీ మొక్కు. అంటే పిల్లలకు ఆఖరున పట్టుబడే ర అనే ధ్వని వచ్చేదాకా ఆ తల్లి నోరు కట్టేసుకోవాలి.

ఆరు నెలల తరువాత మళ్ళీ క్యాంపుకు తీసుకొచ్చారు. “ఇప్పుడు గొడవ సెయ్యదండీ. నెమ్మదస్తురాలైపోయింది” అంది ముత్యాలమ్మ. నా కాగితం మీద నేను రాసుకున్నది ఇప్పటికీ ఉంది: ‘మాట తక్కువ. శ్రద్ధగా వింటోంది.’ ఇక కాస్త సడలించవచ్చునేమో అని నసిగాను. “ముడుపు కట్టానమ్మా. మధ్యలో ఇప్పితే పిల్లకి తగులుద్ది” అంది ఆమె. నేను రెట్టించలేదు. వాళ్ళ నమ్మకాన్ని గౌరవిస్తున్నానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. వరుసలో ఇంకా నలభై మంది ఉన్నారన్నది అసలు కారణం.

ఐదున్నరేళ్ళకు రేవతికి ర వచ్చింది. వయసుతో వచ్చింది. నా వల్లా కాదు, ముడుపు వల్లా కాదు. ముత్యాలమ్మ గిన్నెడు పొంగలి పట్టుకుని పిల్లతో సహా బందరు వచ్చింది. “కోడికూర మీరు తినరని తేలేదండీ. సెప్పవే, నీ పేరేందో డాక్టరమ్మగారికి సెప్పు” అంది. పిల్ల చెప్పింది. ఫొటో తీసుకున్నాము. ఆ ఫొటోను విజయవాడలో డాక్టర్ల సభలో తెర మీద వేసి చూపించాను. చప్పట్లు కొట్టారు. నీకు రాసిన ఉత్తరంలో కూడా పెట్టాను కదా. అంజలై ఆ ఫొటోలో లేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు.

ఆమె సంగతి ఆ తరువాత వాళ్ళ వాడలో తెలిసింది. చేపల బేరానికి చాలినంత తెలుగు నేర్చుకుంది. ధర చెప్పగలదు, తూకం చెప్పగలదు. పిల్లకు జ్వరం వస్తే ఏమని ఓదార్చాలో, అలిగితే ఏమని బుజ్జగించాలో ఆ తెలుగులో లేదు. తప్పు మాటలు పలికితే పిల్లకు అంటుతాయని అత్తగారు ఆ కాస్తా ఇంట్లో పలకనిచ్చేది కాదు. ముడుపు తీర్చాక కూడా ఆమె మళ్ళీ మొదలుపెట్టలేదు. పిల్లకు అప్పటికి తమిళం తెలియదు. వాడలో ఆమెను ‘మూగామె’ అనేవారు.

ఈ జూన్‌లో ఒక మధ్యాహ్నం ముత్యాలమ్మ పిల్లను వెంటబెట్టుకుని నా క్లినిక్‌కు వచ్చింది. అంజలైకి కామెర్లు ముదిరి, జ్వరంతో బందరు పెద్దాసుపత్రిలో చేర్చారు. అప్పారావు వేటలో ఉన్నాడు, కబురు అందలేదు.

“జొరం తలకెక్కిందండీ. నిన్నటేళ నించీ ఒకటే పలవరింత. అరవంలో! మూడేళ్ళు నోరిప్పని మనిషి ఆపకుండా మాట్టాడతంది. ఆ నర్సమ్మ ఏమంటందని మమ్మల్నడుగుద్ది. మాకేం తెలుసు? మీరు మద్రాసులో సదివారంట గదా, మా వోడు సెప్పాడు. ఒక్కసారొచ్చి ఇంటారా?”

వెళ్ళాను. ఆడవాళ్ళ వార్డులో గోడ వారగా మంచం. కళ్ళు పచ్చబడి ఉన్నాయి గానీ చూపు తేటగా ఉంది. గుమ్మంలో ఉన్న పిల్ల మీదే ఉంది ఆ చూపు. ఆమె అంటున్న మాటలు నాకు ఒక్కటి కూడా తప్పిపోకుండా వినిపించాయి. ‘తల దువ్వుకోలేదేమే? పొద్దున ఏమైనా తిన్నావా? దూరంగా నిలబడతావేం, ఇలా రా. ఇక్కడ కూర్చో, జడ వేస్తాను.’

పిల్ల నానమ్మ కొంగు పట్టుకుని, “నన్ను తిడతందా నానమ్మా?” అంది.

“కాదులేవే. జొరం” అంది ముత్యాలమ్మ.

అది పలవరింత కాదు హరిణీ. ఆ వార్డులో అందరికన్నా తెలివిలో ఉన్న మనిషి ఆమె. ఆ ఇంట్లో వినపడకూడని భాష గనుక, వినపడగానే జ్వరం అనుకున్నారు.

నేను స్టూలు మీద కూర్చుని, ‘అంజలై, నేను అవనిగడ్డ డాక్టరమ్మను’ అని తమిళంలో అన్నాను.

ఆమె తల నా వైపు తిప్పింది. ‘మీకు తమిళం వచ్చా?’ అంది.

‘వచ్చు. మద్రాసులో నాలుగేళ్ళు ఉన్నాను.’

‘మరి ఆవేళ పాపను తమిళంలో అడగలేదేమండీ?’

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. పంచదార డబ్బా చేతిలో ఉంచుకుని పిల్లకు ఉప్పు పెట్టినట్టు చేశాను నేను. గొడుగు బొమ్మ చూపించి ‘ఇదు ఎన్నమ్మా?’ అని ఒక్కసారి అడిగి ఉంటే ఆ పిల్ల ‘కుడై’ అని తడుముకోకుండా చెప్పేది. మొత్తం ఐదు నిమిషాల పని. ఆ భాష నాకు వచ్చి ఉండీ నా బల్ల మీదికి రానివ్వలేదు. ఎందుకంటే నా అట్టలు తెలుగువి. నా లెక్కల పట్టిక తెలుగుది. అరవం అని ఆ పెద్దావిడ మూతి విరిచినప్పుడు, చదువుకున్న నేను ఆ విరుపునే శాస్త్రం మాటల్లోకి మార్చి చెప్పాను. ఇది నేను మీ బావగారికి కూడా మొన్నటిదాకా చెప్పలేదు.

రెండు రోజులు, చూడనిచ్చే వేళల్లో వెళ్ళి మధ్యలో కూర్చున్నాను. పిల్ల తెలుగులో అన్నది తల్లికి అర్థమయ్యేది. తల్లి అన్నది పిల్లకు నేను చెప్పేదాన్ని. గొప్ప సంగతులేమీ కావు. ఉతికిన గౌను ఏ పెట్టెలో ఉందో, ఎండు చేపలు పిల్లికి అందకుండా ఎక్కడ కట్టాలో, బడిలో పక్కన కూర్చునే పిల్ల పేరేమిటో. పిల్ల మొదటి రోజు నా మొహం చూసి జవాబులు చెప్పింది. రెండో రోజు తల్లి మొహం చూసి చెప్పడం మొదలుపెట్టింది. మూడో రోజు పదకొండు గంటలకు నేను వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది.

వార్డు బయట మెట్ల మీద రేవతి కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, “మా అమ్మకి అన్ని మాటలు వచ్చా అండీ?” అంది.

ఆ పిల్ల దృష్టిలో తల్లి మాటలు రాని మనిషి. ఊహ తెలిశాక ఆ రెండు రోజులే ఆమె మాట్లాడగా విన్నది.

ఇంటికొచ్చి పాత కాగితాల కట్టలోంచి ఆనాటి పట్టిక తీసి మళ్ళీ లెక్క వేశాను. పంతొమ్మిది తప్పుల్లో పదకొండు తమిళం ధోరణి. గ దగ్గర క, బ దగ్గర ప, ద దగ్గర త. ఆరు, ఆ వయసులో ఏ తెలుగు పిల్లయినా చేసేవి. మిగిలినవి రెండు. రెండు తప్పులకు ఏ పిల్లకూ వైద్యం చేయరు. రేవతికి ఏ లోపమూ లేదు. ఏనాడూ లేదు.

పెద్దకర్మ అయిన మూడో నాడు పాలకాయతిప్ప వెళ్ళాను. మీ బావగారు తోడు వస్తానన్నారు, వద్దన్నాను. అప్పారావు గుమ్మంలో వల బాగుచేసుకుంటున్నాడు. ముత్యాలమ్మ ఇసుక మీద పట్టా పరిచి చేపలు ఎండేస్తోంది. నిలబడే చెప్పాను. నా సలహా తప్పని, అంజలై మాట్లాడినందువల్ల పిల్లకు ఏ నష్టమూ రాలేదని, మాన్పించకపోయినా రేవతికి ఆ పేరు పలకడం వచ్చేదని.

అప్పారావు చేతిలో ఉన్న ముడి వేయడం పూర్తి చేశాడు. లేచి, “ఇంట్లోకి రా అని నేనే తీసుకొచ్చానండీ దాన్ని” అని మాత్రం అన్నాడు. సముద్రం వైపు వెళ్ళిపోయాడు.

ముత్యాలమ్మ చేపలు తిరగేయడం ఆపలేదు. “అట్టా అనబాకండమ్మా” అంది. తరువాత తలెత్తి, “మీరు తప్పంటే మరి నేనేం కావాలండీ? మీరు ఒక్క మాట సెప్పి బస్సెక్కారు. మూడేళ్ళు దాని నోటికి కాపలా కాసింది నేను” అంది.

ఆమెను కఠినురాలని నువ్వు అనుకోకు. ఆమె నా మాటను నాకన్నా శ్రద్ధగా పాటించింది. నేను ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు బస్సు దాకా ఆమే వచ్చింది. ఎక్కబోతుంటే, “ఆ అరవం పిల్లకి నేర్పుతారా?” అని అడిగింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఇద్దరూ వస్తున్నారు. ఇవాళ కూడా వచ్చి రెండింటి బస్సుకు వెళ్ళారు. ముత్యాలమ్మ వరండాలో కూర్చుని, లోపల వినపడే తమిళానికి అడ్డు చెప్పకుండా ఎదురు గోడ చూస్తూ ఉంటుంది. పిల్ల చురుకైనది. ఒకటి రెండ్లు, ఇంట్లో వస్తువుల పేర్లు వచ్చేశాయి. ఇవాళ పాఠం మధ్యలో నన్ను ఆపి, “చిన్నప్పుడు జడ వేసేప్పుడు అమ్మ ఏందో అంటా ఉండేది. పాటా కాదు, మాటా కాదు. అది సెప్పండి” అంది.

నాది హాస్టలులో నేర్చిన తమిళం. బస్సు టిక్కెట్టు అడగగలను, ప్రొఫెసరుతో వాదించగలను, దువ్వెనకూ గొడుగుకూ పేర్లు చెప్పగలను. జడ వేస్తూ కడలూరు పల్లెలో తల్లులు పిల్లలతో ఏమంటారో నాకు తెలియదు. తెలియదని చెప్పాను. సరేనని తరువాతి మాట రాసుకుంది.

మరిదిగారికి ఈ ఉత్తరం మొత్తం చూపించు. శశిధర్ గారు నా చదువును చూసి ఒక మాట నమ్మారు. ఇప్పుడు నా తప్పును చూసి దాన్ని వదలాలి. బడి వారికి విడిగా ఒక కాగితం ఇంగ్లీషులో రాసి, సంతకం చేసి, ఇందులోనే పెట్టాను. వాళ్ళు ఒప్పుకోకపోతే బడి మార్చండి.

నువ్వు మాత్రం ఈ ఉత్తరం మడిచి పెట్టగానే సాకేత్‌ను పిలు. తెలుగులో పిలు. ఇవాళే మొదలుపెట్టు, రేపటికి ఉంచకు. వాడు వెంటనే తెలుగులో పలక్కపోవచ్చు. ఇది మళ్ళీ ఏం నియమమో అన్నట్టు నీ మొహంకేసి చూడవచ్చు. ఏడవనూ వచ్చు; ఏడిస్తే సంతోషించు. నీకు నోటికొచ్చిన మాటల్లో, తిట్టినా సరే, ముద్దు చేసినా సరే, ఆపకుండా మాట్లాడుతూ ఉండు. వాడి మాట వాడికి తిరిగి వస్తుంది. మీరు తెలుగు మాని ఇంకా పదిహేడు రోజులే అయింది.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
భ్రమరాంబ